వెబ్‌సైటు, సగం రోజు ఉద్యోగం, కథలు: మూడూ మొయ్యలేకపోతున్నా, ఏది దించమంటారు?

పిట్టగోడ
జులై 22, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇవాళ రాస్తున్నానంటే ఇరవయ్యో తారీఖు దాటింది కాబట్టి. జీఎస్టీ పని చేసేవాళ్లకి అర్థమవుతుంది, మాకు నెలలో రిటర్నుల గడువులు 11, 20 అని రెండే తారీఖులు, మిగతా రోజులన్నీ వాటికి ముందో వెనకో ఉంటాయి.

గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పది నుంచి రెండున్నర దాకా పని. షాపుల వాళ్లు క్యారీబ్యాగుల్లో కుక్కి తెచ్చే బిల్లులు విడదీసి, ఎంట్రీలు కొట్టి, రిటర్నులు వెయ్యడం. తొమ్మిది వేలు ఇస్తారు. ఫుల్ టైమ్ రమ్మన్నారు, నేనే వద్దన్నాను, మధ్యాహ్నం నుంచి కథలు రాసుకుంటానండీ అని గొప్పగా చెప్పాను. ఆ మాటకి నాలుగేళ్లు.

రెండోది పిట్టల సైటు. ఆరేళ్ల కిందట మా అబ్బాయిని ఉప్పలపాడు చెరువు చూపించడానికి తీసుకెళ్తే వాడు గేదె వీపు మీదున్న పిట్టని చూపించి పేరేంటమ్మా అన్నాడు, నేను ఫోన్‌లో వెతికి ఇంగ్లీషు పేరు చెప్పాను, గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి నవ్వి "పసులపోలిగాడు కదమ్మా" అన్నాడు. తోక చివర రెండుగా చీలి ఉండే నల్లపిట్ట, మీరూ చూసే ఉంటారు. దాన్నే మా అమ్మమ్మ ఏట్రింత అనేది. ఆ రాత్రి ఒక నోట్‌బుక్‌లో పదిహేను పేర్లు రాసుకున్నా. ఇప్పుడు సైటులో రెండు వందల పన్నెండు పిట్టలు, ఆరు వందల పైచిలుకు తెలుగు పేర్లు, ఏ ఊళ్లో ఎవరు చెప్పారో దాంతో సహా.

మూడోది కథలు. పదకొండు అచ్చయ్యాయి. పన్నెండోది మార్చిలో మొదలుపెట్టాను. అందులో పిన్ని చీటీ డబ్బులు దాచుకున్న బియ్యం డబ్బా మూత తీసింది. అక్కడ ఆగింది. మార్చి నుంచీ మూత తీసే ఉంది.

దీపావళి కథల పోటీకి ఆగస్టు 31 గడువు. ఏది దించమంటారు?


బందరు లడ్డు
జులై 22, రాత్రి 11:59

నాలుగు నెలలు మూత పెట్టకుండా ఉంచితే పురుగు పట్టదూ? ముందు మూత పెట్టించండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.


స్టాటిక్ సుబ్బు
జులై 23, ఉదయం 7:10

ఏది దించాలో చెప్పేముందు ఏది ఎంత బరువుందో చూడాలి కదండీ. ఒక్క వారం రోజులు దేనికి ఎన్ని గంటలు పోతున్నాయో రాసి పెట్టండి, ఉజ్జాయింపుగా కాదు, ఫోన్‌లో టైమర్ పెట్టి. సైటు అని ఒకటే పద్దు వెయ్యొద్దు, అందులో కొత్త పేర్లు ఎక్కించడం వేరు, రిపేర్లు వేరు, జనంతో మాట్లాడటం వేరు. మీకు పద్దులు రాయడం నేను నేర్పక్కర్లేదు అనుకోండి.


చుక్కల ముగ్గు
జులై 23, ఉదయం 9:32

సుబ్బు గారూ, ఆ పద్దులో వంట ఎక్కడ వేస్తారు? ఆవిడ మూడు పనులు అంది, మీరంతా మూడే అనుకుంటున్నారు. అబ్బాయి బాక్సు, అత్తగారి మాత్రలు, గ్యాస్ బుకింగ్, పనమ్మాయి రాని రోజు అంట్లు, ఇవన్నీ ఎవరు చేస్తున్నారనుకుంటున్నారు? రెండున్నరకి ఆఫీసు నుంచి బయటపడితే రెండున్నరకి ఖాళీ అయినట్టు కాదు. నేను ఇంట్లోనే కుట్టు పని చేస్తూ నవల రాస్తున్నాను, మూడో ఏడు. మా ఇంట్లో నేను రాస్తుంటే "ఖాళీగానే ఉన్నావు కదా" అంటారు, మిషన్ తొక్కుతుంటే ఎవరూ అనరు, ఎందుకంటే మిషన్‌కి చప్పుడుంది.


పిట్టగోడ
ఆగస్టు 1, రాత్రి 12:20 దాటింది

ఆలస్యమైంది, నిన్న ఇన్‌కమ్ ట్యాక్స్ గడువు. సాయంత్రం ఏడింటికి ఒకాయన వచ్చి ఫారం 16, అంటే జీతం మీద పట్టుకున్న పన్ను కాగితం, ఇంట్లో మర్చిపోయానన్నాడు. అలాంటి రోజు.

లెక్క ఇదీ. ఆఫీసు ముప్ఫై ఒకటి (ఇరవై ఏడు ఉండాలి, గడువు వారం కాబట్టి). సైటు పంతొమ్మిది. కథ గంటా పది నిమిషాలు, అందులో నలభై నిమిషాలు పేరు మార్చడం. ముగ్గు గారూ, వంట పద్దు కూడా వేశాను, ఇరవై రెండు దాటాక టైమర్ ఆపేశాను, చూడబుద్ధి కాలేదు.

నన్ను కుదిపింది సైటు పద్దు. పంతొమ్మిది గంటల్లో కొత్త పేర్లు ఎక్కించింది మూడు గంటలు. ఒక ప్లగిన్ అప్‌డేట్ కొడితే ఫోటోలన్నీ మాయమయ్యాయి, వాటిని వెనక్కి తేవడం ఆరు గంటలు. స్పామ్ కామెంట్లు తుడవడం రెండు. మిగిలిన ఎనిమిది గంటలు వాట్సాప్‌లో వచ్చే "మేడమ్ ఇది ఏ పిట్ట" ఫోటోలకి జవాబులు. మంగళవారం రాత్రి పదకొండింటికి చీరాల నుంచి ఒకాయన పంపాడు, కరెంటు తీగ మీద ఏదో మచ్చ. జూమ్ చేస్తే గళ్లు గళ్లుగా విడిపోతోంది. ముక్కు పొడుగో కాదో తెలీదు. నీలం ఉందా అని అడిగితే "సాయంత్రం మేడమ్, చీకటి" అన్నాడు. ఇంకో ఫోటో అడిగాను. పంపాడు, అందులో తీగ ఉంది, పిట్ట లేదు. గంటన్నర. చివరికి లకుముకి అయ్యుండొచ్చు అని రాస్తే మూడు దండాలు పెట్టాడు, ఆ దండాలు చూసి నేను ఆనందంగా నిద్రపోయాను. అదీ నా రోగం. కథకి దండం రావాలంటే ఆర్నెల్లు ఆగాలి, అది కూడా అచ్చయితే.


బెజవాడ బాబాయ్
ఆగస్టు 1, ఉదయం 8:05

ఏమీ అనుకోకమ్మా, సూటిగా చెప్తున్నా. పిట్టల పేర్లు రాయమని నిన్నెవరడిగారు? ఇంగ్లీషు పేరు కొడితే గూగుల్లో ఫోటోతో సహా వస్తుంది. పిట్టకి తన పేరు తెలుగులో ఏమిటో అక్కర్లేదు. తొమ్మిది వేల ఉద్యోగం పద్దెనిమిది వేలు చేసుకో, సైటు మూసేయ్, ఆదివారం కథ రాసుకో. మేమంతా ఉద్యోగాలు చేస్తూనే రాశాం.


పిట్టగోడ
ఆగస్టు 1, మధ్యాహ్నం 3:15

బాబాయ్ గారూ, ఏమీ అనుకోలేదు, మా ఆయన కూడా అదే అంటారు. కానీ ఒక్కటి చెప్పనివ్వండి. కలివికోడి అని ఒక పిట్ట ఉంది. 1900 తర్వాత దాన్ని చూసినట్టు ఎవరూ నమోదు చెయ్యలేదు, పుస్తకాల వాళ్లు ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ కనపడింది. పట్టుకుంది శాస్త్రవేత్త కాదు, పిట్టలు పట్టే ఒక ఊరాయన, రాత్రిపూట దీపం వెలుతుర్లో. మన వాళ్లు దాన్ని కలివికోడి అన్నారు, కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి. ఇప్పుడక్కడ లంకమల్లేశ్వర అభయారణ్యం ఉంది, దాని కోసం తెలుగుగంగ కాలవ దారి కూడా కొంత మార్చారు. పేరు తెలిసినవాళ్లకే అది ఏ పొద కింద ఉంటుందో కూడా తెలుస్తుంది, నేను చెప్పేది అంతే.

దానికీ ముందు, 1862-64 మధ్య జెర్డన్ అనే దొర మన దేశపు పిట్టల మీద అచ్చేసిన పుస్తకంలో చాలా వాటికి తెలుగు పేర్లు ఇచ్చాడు. ఆయన కొన్నాళ్లు నెల్లూర్లో డాక్టరు. కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. ఆయన రాసిన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, వాటిని మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవాలంటే ఎవరో ఒకరు ఊళ్లమ్మట అడగాలి. పిగిలిపిట్ట అని ఆయన రాసింది మా ఊళ్లో ఇప్పటికీ పిగిలిపిట్టే. కొన్ని పేర్లు అడిగితే ముసలివాళ్లు కూడా తల గోక్కుంటున్నారు. ఇంకో పదేళ్లకి తల గోక్కునేవాళ్లూ ఉండరు.

ఇంతసేపు ఇది రాశాను చూడండి. ఈ పాటికి పిన్ని డబ్బులు లెక్కపెట్టేసేది.


రిటైర్డ్ మాస్టారు
ఆగస్టు 1, సాయంత్రం 6:40

అమ్మా, మీ మాట చదువుతుంటే కారా మాస్టారు గుర్తొచ్చారు. కాళీపట్నం రామారావు గారు విశాఖలో బడిలో లెక్కలు చెబుతూ కథలు రాశారు. ఎక్కువ రాయలేదు, రాసినవి మాత్రం నిలిచాయి. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ తర్వాత 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, తెలుగులో అచ్చయిన ప్రతి కథా అక్కడ ఉండాలని పత్రికలు పోగెయ్యడంలో పడ్డారు. ఉత్తరాలు రాసి, మనుషుల్ని పంపి, పాత కట్టలు తెప్పించి. నేను ఒకసారి వెళ్లాను. గదిలో పాత కాగితం వాసన. ఎవరో ఒక కథ పేరు చెప్పి వెతుక్కుంటూ వస్తే అది దొరికిందని ఆ మనిషి కంటే అక్కడివాళ్లే ఎక్కువ సంబరపడ్డారు. కూడబెట్టడం కూడా రచన లాంటిదే. మీరు సైటు మూసే పని పెట్టుకోకండి.


సగం చదివిన పుస్తకం
ఆగస్టు 1, రాత్రి 10:22

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. కారా గారు తను రాయవలసింది రాసేసి, ఆ తర్వాత ఇతరుల కథలు కూడబెట్టారు. ఆయనకి అప్పటికి డెబ్బై దాటింది. పిట్టగోడ గారు రాయవలసింది ఇంకా డబ్బాలో ఉంది. కూడబెట్టడంలో ఒక మత్తు ఉంటుందండీ, నాకు తెలుసు, నేను సామెతలు పోగేశాను ఏడేళ్లు. రోజూ పది సామెతలు ఎక్కిస్తే పని చేసినట్టే ఉంటుంది, ఓడిపోయే ప్రసక్తే లేదు, ఎందుకంటే సామెత బాగా లేకపోతే తప్పు నాది కాదు కదా. కథ బాగా లేకపోతే తప్పు నాదే. నేను దాక్కున్నాను. ఆవిడ కూడా దాక్కుంటోంది అని నా అనుమానం, కటువుగా ఉంటే మన్నించాలి.


పిట్టగోడ
ఆగస్టు 1, రాత్రి 10:31

మన్నించను గానీ, నిజమే.


మానేరు వాగు
ఆగస్టు 2, రాత్రి 1:05

అక్కా, నేను కరీంనగర్ల పార్ట్‌టైం ఫుడ్ డెలివరీ చేస్తా, పొద్దున డిగ్రీ కాలేజీ. మీరందరు గంటలు గంటలు అంటున్నరు, నాకైతే గంట అనేది దొరకనే దొరకదు. హోటల్ ముంగట ఆర్డర్ అయ్యేదాకా పది పదిహేను నిమిషాలు నిలబడుడు ఉంటది, అప్పుడు ఫోన్‌ల మాట్లాడుకుంట కథ రాస్త. ఫోన్ తప్పు రాస్తది అనుకోండ్రి, నేను "అవ్వ కండ్లు తుడుచుకుంది" అంటే అది "అవ్వ గిన్నెలు తుడుచుకుంది" అని రాసింది. ఇంటికొచ్చి చదివితే గదే మంచిగనిపించింది, ఉంచేసిన. ఒక కథకి రెండు నెలలు పడ్తది, కానీ అయితది. నాకు అర్థం కానిది ఏందంటే మధ్యాహ్నం మూడింటి నుంచి ఇంట్ల కూసునే టైం ఉండి కూడ రాస్తలేరంటే, టైం ఎక్కువై రాస్తలేరేమో.


చుక్కల ముగ్గు
ఆగస్టు 2, ఉదయం 6:50

తమ్ముడూ, హోటల్ ముందు నిలబడితే నిన్ను ఎవరూ "కాస్త పెరుగు తోడెయ్" అనరు. అదీ తేడా. కానీ గిన్నెల మాట మాత్రం బంగారం.


మంచులో మావిడాకు
ఆగస్టు 2, ఉదయం 9:14

అమెరికాలో మిన్నెసోటా నుంచి. నాది పాత కథ, వినండి. 2007లో బ్లాగు మొదలుపెట్టాను, అప్పుడు తెలుగు బ్లాగుల టపాలన్నీ ఒకచోట చూపించే కూడలి సైటులో మన టపా పైన కనపడితే చాలు పండగ. లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటులో టైపు చేసి అంటించేవాళ్లం. వారానికి మూడు రాసేవాణ్ణి, కామెంట్లకి జవాబులు రాత్రి రెండింటి దాకా. అందరూ "మీరు నవల రాయాలి" అనేవారు. నవల రాయడానికి పెట్టుకున్న రాత్రులన్నీ ఆ "రాయాలి" అన్నవాళ్లకి థాంక్స్ చెప్పడానికి అయిపోయాయి. తర్వాత పిల్లలు, మారిన ఉద్యోగం, ఒక ఏడాది డొమైన్ డబ్బు కట్టడం మర్చిపోయాను. ఎవరో కొనేసుకున్నారు. ఇప్పుడు నా బ్లాగు అడ్రసు కొడితే పేకాట వస్తుంది. మా అత్తగారు పాత బుక్‌మార్కు నొక్కి అల్లుడు రమ్మీ సైటు పెట్టాడని ఊరంతా చెప్పింది.

కాబట్టి సైటు నడిపినా నడపకపోయినా డొమైన్ మాత్రం వదలకండి. డాట్ ఇన్ అయితే ఒకేసారి పదేళ్లకి కట్టేయొచ్చు. పాత పేజీలు కొన్ని నాకు ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్‌లో దొరికాయి, కామెంట్లు సగమే ఉన్నాయి. కామెంట్లు పోయినందుకు బాధ లేదు. నవల లేదు, పోవడానికి.


స్టాటిక్ సుబ్బు
ఆగస్టు 2, సాయంత్రం 7:45

ఇప్పుడు నా వంతు, కొంచెం పొడుగ్గా ఉంటుంది.

మీ పద్దు చూస్తే పంతొమ్మిదిలో ఆరు ప్లగిన్, రెండు స్పామ్. ఈ ఎనిమిదీ ఎవరికీ ఉపయోగం లేని గంటలు. మీది రోజూ మారే సైటు కాదు, పిట్ట పేజీ ఒకసారి రాస్తే ఏడాదికోసారి మారుతుంది. దానికి వర్డ్‌ప్రెస్, డేటాబేసు ఎందుకు? పేరు, ఊరు, చెప్పిన మనిషి వయసు, నెల, ఇవన్నీ ఒక ఎక్సెల్ పట్టికలో పెట్టి, సీఎస్‌వీ అనే సాదా ఫైలుగా సేవ్ చెయ్యండి. హ్యూగో లాంటి సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆ పట్టికలోంచి పేజీలు తనే తయారు చేస్తుంది, మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు. గిట్‌హబ్ పేజెస్‌లో పెడితే హోస్టింగ్ ఖర్చు సున్నా. సైటు మొత్తం ఒక జీబీ దాటకూడదంటారు, అందుకని ఫోన్లో తీసిన ఐదు ఎంబీ ఫోటోలు అలాగే ఎక్కించకండి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చి నూట యాభై కేబీకి దించండి, పిట్ట ఈకలు బాగానే కనపడతాయి. కామెంట్లు అసలు వద్దు. కొత్త పేరు చెప్పాలనుకున్నవాళ్లకి ఒక గూగుల్ ఫారం, అది మీరు నెలకోసారి తెరుస్తారు, 21వ తారీఖున అనుకోండి, ఎలాగూ 20 దాటాక మీకు ఊపిరాడుతుంది.

ఇంకోటి. ఆ పట్టికని ఇతరులు కూడా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో బయట పెట్టెయ్యండి. విక్షనరీ అనే ఆన్‌లైన్ నిఘంటువు వాళ్లో ఇంకెవరో తీసుకుంటారు. రేపు మీకు ఓపిక లేకపోయినా పేర్లు ఉంటాయి.

మార్చడానికి రెండు ఆదివారాలు పడుతుంది. నేను సాయం చేస్తాను, కాఫీ కూడా అక్కర్లేదు.


బందరు లడ్డు
ఆగస్టు 2, రాత్రి 8:02

ప్రకటనలు పెట్టి డబ్బు చేసుకోవచ్చుగా? తెలుగు సైట్లకి యాడ్‌సెన్స్ ఇస్తున్నారుగా ఇప్పుడు.


పిట్టగోడ
ఆగస్టు 2, రాత్రి 9:40

2018లో తెలుగుకి ఇచ్చారు, నేను సైటు మొదలుపెట్టాక ఎగిరి గంతేసి పెట్టాను. వంద డాలర్లు చేరితే గానీ పంపరు. రెండేళ్లలో ముప్ఫై ఒకటి వచ్చింది. గిజిగాడి పేజీలో పక్కనే చికెన్ మసాలా ప్రకటన వచ్చిందని మా అబ్బాయి ఏడిస్తే తీసేశాను.

సుబ్బు గారూ, ఏమనుకోకండి, మీరు చెప్పింది చదవగానే ఒళ్లు పులకరించింది, వెంటనే హ్యూగో దింపేసుకుని నాలుగు గంటలు కూర్చుని పదిహేను పేజీలు తయారు చేశాను. రాత్రి భోజనాలు పెరుగన్నం. అంటే అర్థమైంది కదా, సైటుకి పెట్టే టైం తగ్గించే పని కూడా నాకు సైటు పనే. సెప్టెంబరు దాకా నన్ను ఆ పట్టిక ముట్టుకోనివ్వకండి.

కథలకి డబ్బులెంత ఇస్తారని అడిగారు ఎవరో మెసేజ్‌లో. మామూలు కథకి ఇదివరకు ఐదొందలో వెయ్యో పంపేవారు, ఒకసారి పత్రిక కాపీ మాత్రమే వచ్చింది. ఒక వారపత్రికకి యూనికోడ్‌లో పంపిస్తే వాళ్లు తమ పాత పద్ధతి అను ఫాంట్‌లోకి మార్చుకున్నారు, ఒత్తులు ఎగిరిపోయి మా హీరోయిన్ "అమ్మ" అని పిలిచిన చోటల్లా "అమ" అని పడింది. డబ్బు కోసమైతే ఎవరూ రాయరు.


రిటైర్డ్ మాస్టారు
ఆగస్టు 3, ఉదయం 5:30

మరి పిట్టల మీదే కథలు రాయవచ్చు కదమ్మా. రెండూ ఒకటే అవుతాయి, భారం తగ్గుతుంది.


పిట్టగోడ
ఆగస్టు 3, మధ్యాహ్నం 2:50

ఈ సలహా నాకు ఇప్పటికి పాతికమంది ఇచ్చారు మాస్టారూ, అందరూ ప్రేమతోనే. కానీ నా పిన్ని పిట్ట వైపు చూడదు. ఆవిడకి చీటీ పాట ఆరు నెలల నుంచి రావడం లేదు, చీటీ నడిపే ఆవిడ పక్కింట్లోనే ఉంటుంది, ఇద్దరూ రోజూ కలిసి పూలు కడతారు. అదీ కథ. అందులో కిటికీ మీద గోరింకని వాలిస్తే నేను గోరింక దగ్గర ఆగిపోతాను, దానికి ఎన్ని ఊళ్లలో గోరువంక అంటారు అని. నేను కథ దగ్గరికి వెళ్లేది సైటులో లేని దాని కోసం. పేర్లన్నీ తెలిసిన చోటి నుంచి, ఒకామె ఇంకొకామెని డబ్బు ఎందుకు అడగలేకపోతోందో నాకే తెలియని చోటికి.


సగం చదివిన పుస్తకం
ఆగస్టు 3, మధ్యాహ్నం 3:20

ఈ ఐదారు వాక్యాలు కాపీ చేసి పక్కన పెట్టుకోండి. ఇక్కడ రాయడం ఆపి అక్కడ రాయండి. వెళ్లండి.


బెజవాడ బాబాయ్
ఆగస్టు 3, రాత్రి 9:11

చీటీ నడిపే ఆవిడ కూడా ఇరుక్కుని ఉంటుంది. మా ఆవిడ చీటీలు నడిపింది ఎనిమిదేళ్లు. ఇద్దరు ఎగ్గొడితే చేతి గాజులమ్మి కట్టింది, నాకు చెప్పలేదు. గాజులేవే అంటే చెయ్యి వాచింది అంది. నేను నమ్మాను. ఊరికే చెప్తున్నా.


పిట్టగోడ
ఆగస్టు 3, రాత్రి 9:13

బాబాయ్ గారూ.

రెండు నిమిషాలు ఏం రాయాలో తెలియలేదు. ఆ గాజుల మాట వాడుకోవచ్చా?


బెజవాడ బాబాయ్
ఆగస్టు 3, రాత్రి 9:30

వాడుకో. ఊరి పేరు మార్చు.


పిట్టగోడ
ఆగస్టు 13, రాత్రి 10:05

పదకొండు గడువు అయింది. ఏం చేశానో చెప్తాను, తిట్టేవాళ్లు తిట్టండి.

వాట్సాప్ నంబరు సైటులోంచి తీసేశాను. కామెంట్లు మూసేసి పైన ఒక ముక్క పెట్టాను, సెప్టెంబరు దాకా జవాబులుండవు అని. మొదటి రెండు రోజులు చెయ్యి ఊరికే ఫోన్ మీదికి పోయింది. మూడో రోజు నుంచి రెండున్నరకి ఇంటికి రాకుండా ఆఫీసులోనే వెనక గదిలో కూర్చుంటున్నాను, పాత ఫైళ్ల మధ్య, ఆడిటర్ గారినే అడిగాను. ఆయన "ఫుల్ టైమ్ చేస్తావా అమ్మా" అని ఆశగా అడిగారు పాపం. నాలుగింటి దాకా రాసి వెళ్తున్నాను. ముగ్గు గారూ, ఇంట్లో ఆఫీసు పనే అనుకుంటున్నారు. నేను దిద్దలేదు. తప్పో ఒప్పో తెలీదు.

ఏడు పేజీలయింది. పిన్ని మూత పెట్టింది. డబ్బు అందులోనే ఉంది, రెండొందలు తక్కువ.


చుక్కల ముగ్గు
ఆగస్టు 13, రాత్రి 10:20

దిద్దకండి. అస్సలు దిద్దకండి. ఆఫీసు అంటే చప్పుడున్న మాట.


మానేరు వాగు
ఆగస్టు 14, రాత్రి 12:40

రెండొందలు ఎవరు తీసిండ్రు అక్కా?


పిట్టగోడ
ఆగస్టు 14, మధ్యాహ్నం 2:35

తెలిస్తే ఇక్కడెందుకుంటాను తమ్ముడూ.


పిట్టగోడ
ఆగస్టు 31, రాత్రి 11:52

పంపేశాను. పదకొండు నలభైకి. పీడీఎఫ్ కూడా జతచేశాను, ఈసారి ఒత్తులు పోతే నాది పూచీ కాదు. బాగుందో లేదో అడక్కండి. చివర నాలుగు పేజీలు నిన్న రాత్రి మార్చాను, మార్చకుండా ఉండాల్సింది అని ఇప్పుడే అనిపిస్తోంది.

సైటు నెల రోజులుగా ఒక్క మార్పు లేకుండా అలాగే ఉంది. ఎవరూ గొడవ చెయ్యలేదు. అది కొంచెం బాధగా కూడా ఉంది, నిజం చెప్పాలంటే. సుబ్బు గారూ, వచ్చే ఆదివారం పట్టిక మొదలుపెడదామా? డొమైన్ పదేళ్లకి కట్టేశాను, రమ్మీ భయంతో.


స్టాటిక్ సుబ్బు
సెప్టెంబరు 1, ఉదయం 7:00

ఆదివారం తొమ్మిదింటికి. ఇంకో కథ మొదలుపెట్టి రండి, ఒక్క పేరా అయినా, అప్పుడే పట్టిక తెరుస్తాను.


తాటిముంజ
సెప్టెంబరు 1, సాయంత్రం 5:18

నమస్తే, కొత్త మెంబర్ని, పైవన్నీ చదవలేదు, పిట్టల గురించి తెలిసినావిడ ఉన్నారని కనపడి అడుగుతున్నా. మా పెరట్లో ఒకటి వస్తోంది, కాకి కంటే కొంచెం పెద్దది, ఒళ్లంతా నలుపు, రెక్కలు ఇటుక రంగు, కళ్లు ఎర్రగా నిప్పుల్లా, ఎగరదు సరిగా, ప్రహరీ పక్కనే నడుస్తూ పోతుంది, ఊప్ ఊప్ అని లోపల్నుంచి అరుస్తుంది. మా అత్తగారు శకునం అంటున్నారు. ఏంటది?


పిట్టగోడ
సెప్టెంబరు 1, సాయంత్రం 5:20

జెముడుకాకి అండీ! కొందరు చెమురుకాకి అంటారు. పేరులో కాకి ఉంది గానీ కాకి కాదు, కోకిల చుట్టం, కానీ కోకిలలా పరాయి గూట్లో గుడ్లు పెట్టదు, తన గూడు తనే కట్టుకుంటుంది. పురుగులు, నత్తలు, బల్లులు, చిన్న పాముల్ని కూడా తింటుంది, పెరట్లో ఉంటే మంచిదే. మా వైపు ఎదురొస్తే మంచి శకునం అంటారు, మీ అత్తగారు మంచి శకునం అన్నారా చెడ్డ శకునం అన్నారా? ఏ ఊరండీ మీది? ఆవిడ దాన్ని ఏ పేరుతో పిలుస్తారు? అరుపు రికార్డు చెయ్యగలరా, పొద్దున్నే ఐదున్నరకైతే బాగా


బందరు లడ్డు
సెప్టెంబరు 1, సాయంత్రం 5:21

మూత, తల్లీ, మూత!